బదిలీ నుండి నిర్ణీతకాలం దాకా: జౌళి పరిశ్రమలో కార్మికుని హోదా – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జౌళి పరిశ్రమలో మానవ వనరుల విధానాలను గురించిన చర్చ సాధారణంగా వేతనం, సెలవులు, భద్రత, మహిళల రక్షణ అనే అంశాల చుట్టూ తిరుగుతుంది. వీటన్నింటికంటె ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఆ మిల్లులో కార్మికుడు ఎవరు, ఎన్నాళ్లపాటు కార్మికుడు? ఈ వ్యాసం ‘బదిలీ’, ‘నిర్ణీతకాలం’ అనే రెండు హోదాలను చట్టపాఠాల ఆధారంగా పోలుస్తుంది. కొత్త హోదా కార్మికునికి సదుపాయాలను ఇస్తూనే, సర్వీసు పెరిగేకొద్దీ కలిగే హక్కును తొలగించిందని, దానివల్ల మిగిలిన విధానాలన్నీ వాడుకోవడానికి వీలులేనివిగా మారుతున్నాయని ప్రతిపాదిస్తుంది. ఏ హోదా లేని సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల స్థితిని చివరి భాగంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: జౌళి పరిశ్రమ, స్టాండింగ్ ఆర్డర్లు, బదిలీ కార్మికుడు, నిర్ణీతకాల ఉద్యోగం, భవిష్య నిధి, సిరిసిల్ల, మరమగ్గాలు.

1. ప్రవేశిక:
1946లో వచ్చిన పారిశ్రామిక ఉద్యోగ (స్టాండింగ్ ఆర్డర్ల) చట్టంలోని 9వ సెక్షన్ చిన్నది. చర్చకు అంతగా రాదు. ఆమోదం పొందిన నిబంధనలను ఇంగ్లీషులోను, కార్మికులలో అత్యధికులకు అర్థమయ్యే భాషలోను, వారిలో ఎక్కువమంది ప్రవేశించే ద్వారం వద్ద ప్రత్యేకమైన బోర్డుల మీద ప్రదర్శించాలని ఆ సెక్షన్ చెప్తుంది. అంటే కార్మిక నిబంధనను అనువదించడం యజమాని దయ కాదు, చట్టబద్ధమైన విధి. అనువాదంలో అర్థం మారితే హక్కూ మారుతుంది.

ఆ చట్టం కింద రూపొందిన నమూనా నిబంధనలు కార్మికులను శాశ్వత, ప్రొబేషనరీ, బదిలీ, తాత్కాలిక, క్యాజువల్, అప్రెంటిస్ వర్గాలుగా విభజించాయి. వీటిలో ‘బదిలీ’ అనే మాట ఇంగ్లీషు పాఠంలో సైతం దేశీయ రూపంలోనే నిలిచింది. శాశ్వత కార్మికుడు లేదా ప్రొబేషనరీ తాత్కాలికంగా పనికి రానప్పుడు, ఆ స్థానంలో పనిచేసేవాడు అని దాని నిర్వచనం. తెలుగులో ఈ మాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. సింగరేణి ప్రాంతంలో ‘బదిలీ వర్కర్’ అంటే ఎవరో గని కార్మికుల కుటుంబాలకు విడమరచి చెప్పనవసరం లేదు. తక్కిన తెలుగునేలలో మాత్రం ‘బదిలీ’ అనగానే ఒక ఊరినుండి మరొక ఊరికి పంపబడిన ఉద్యోగి మనసుకు వస్తాడు. ఉద్యోగం స్థిరంగా ఉన్నవానికే అటువంటి బదిలీ ఉంటుంది. మిల్లులోని బదిలీకి లేనిది ఆ స్థిరత్వమే. అతడు ఒకరికి ‘బదులు’ వచ్చినవాడు. ఆ ఒకరు తిరిగివస్తే వెళ్లిపోవలసినవాడు. ఒకే మాట పూర్తిగా భిన్నమైన రెండు స్థితులను సూచించడం నిఘంటుకారునికి ఆసక్తికరం కావచ్చు. గేటు దగ్గరి బోర్డు చదువుకొనే కార్మికునికి మాత్రం అది జీవనాధారానికి సంబంధించిన విషయం.

2. గేటు ముందు పుట్టిన శాఖ:
నేడు ‘మానవ వనరుల శాఖ’ అని పిలుస్తున్న వ్యవస్థకు భారతదేశంలో ఒక మూలం బొంబాయి నూలుమిల్లుల గేట్ల ముందు కనబడుతుంది. ఆ మిల్లులలో కార్మికులను పనిలో పెట్టుకొనే అధికారం చాలాకాలం జాబర్ చేతిలో ఉండేది. తెల్లవారుజామున గేటు ముందు నిలబడిన బదిలీలలో ఎవరికి ఆ రోజు పని దొరకాలో అతడే తేల్చేవాడు. అందుకు ప్రతిఫలంగా ‘దస్తూరీ’ పుచ్చుకొనేవాడు. 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ ఈ పద్ధతిని గుర్తించి, నియామకాలను జాబర్ల చేతినుండి తప్పించి లేబర్ ఆఫీసర్లకు అప్పగించాలని సూచించింది. 1934లో బొంబాయి ప్రభుత్వమే ఒక లేబర్ ఆఫీసరును నియమించింది. తరువాత 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న ప్రతి కర్మాగారంలోను సంక్షేమాధికారి ఉండాలని నిర్దేశించింది. కాబట్టి ‘ఎవరిని, ఎన్ని రోజులకు, ఏ ప్రాతిపదికన పనిలోకి తీసుకోవాలి’ అనే ప్రశ్న ఈ శాఖ చేసే పనులలో ఒకటిగా తరువాత చేరినది కాదు. శాఖ పుట్టుకకే అది కారణం. నేటి సిబ్బంది విధానపత్రాలు ఆ ప్రశ్నను చివరి పుటలకు నెట్టి, ఉద్యోగుల ఉత్సాహం, భాగస్వామ్యం వంటి మాటలతో మొదలుకావడం చరిత్రను తలక్రిందులు చేయడమే.

ఈ చరిత్రతో తెలుగువారికి నేరుగా సంబంధం ఉన్నది. కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుండి పద్మశాలి కుటుంబాలు బొంబాయి, భివండి, షోలాపూరు మిల్లులకు, మరమగ్గాల షెడ్లకు తరతరాలుగా వలసవెళ్లాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. దానిని వేతనాల సమ్మెగా చెప్పుకోవడమే పరిపాటి. కాని బదిలీలను శాశ్వతం చేయాలన్నది కూడా ఆ సమ్మె డిమాండ్లలో ఉన్నది. ఒకరి స్థానంలో పనిచేయడానికి వచ్చి, ఏళ్లతరబడి అలాగే మిగిలిపోయినవారి ఆవేదన అందులో ఉన్నది.

3. రోజుల లెక్క:
బదిలీ హోదా అవమానకరమైనదే. అయితే చట్టం దానికి ఒక ద్వారం తెరిచి ఉంచింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25-సి సెక్షన్ వివరణ ప్రకారం, ఒక సంవత్సరం అవిచ్ఛిన్నంగా సర్వీసు పూర్తిచేసిన బదిలీ, లే-ఆఫ్ పరిహారం విషయంలో ఇక బదిలీ కాడు. 25-బి సెక్షన్ ఆ సంవత్సరాన్ని సాధారణంగా 240 రోజుల పనిగా లెక్కించింది. అంటే మస్టర్ రోల్‌లో పడిన ప్రతి హాజరూ ఎక్కడో జమ అవుతున్నది. కార్మికుడు రోజుకూలి మాత్రమే సంపాదించడం లేదు. రోజుకొకటి చొప్పున హక్కును కూడా పోగుచేసుకొంటున్నాడు.

యజమానులకు ఈ లెక్క తెలియనిది కాదు. 240 నిండకముందే సర్వీసును తెంచి, కొన్ని రోజుల తరువాత అదే మనిషిని మళ్లీ చేర్చుకొనే పద్ధతి ఇందుకే వ్యాపించింది. దానికి సమాధానంగా, బదిలీలను, క్యాజువల్, తాత్కాలిక కార్మికులను శాశ్వత హోదా దక్కకుండా చేసే ఉద్దేశంతో ఏళ్లతరబడి అదే స్థితిలో కొనసాగించడాన్ని ‘అన్యాయమైన కార్మిక పద్ధతి’గా పేర్కొంటూ ఐదవ షెడ్యూలు వచ్చింది. 1982 సవరణ ద్వారా చేరిన ఆ షెడ్యూలు 1984 ఆగస్టులో అమలులోకి వచ్చింది.

అదే 1984 ఆగస్టులో మరొక సవరణ కూడా అమలులోకి వచ్చింది. ఒప్పందం గడువు ముగిసి, దానిని పునరుద్ధరించకపోవడంవల్ల ఉద్యోగం పోతే దానిని రిట్రెంచ్‌మెంట్‌గా పరిగణించనవసరం లేదని 2(ఓఓ) సెక్షన్‌లో (బిబి) అనే ఉపవాక్యం చేరింది. ఒకే నెలలో, ఒకే చట్టంలో, ఒకవైపు తలుపు బిగించి మరొకవైపు కిటికీ తెరిచినట్లయింది. తాత్కాలికత పేరుతో మోసం చేయరాదని మొదటి సవరణ అన్నది. ముందుగా గడువు వ్రాసుకొంటే అది మోసం కిందికి రాదని రెండవది సూచించింది. ఆ తరువాతి నాలుగు దశాబ్దాలలో జౌళి, దుస్తుల తయారీ పరిశ్రమల విధానం ఏ దారిని ఎంచుకొన్నదో ఊహించడం కష్టం కాదు.

4. 2016: రెండు నెలల వ్యవధిలో:
భవిష్య నిధిలోని యజమాని వాటాను 58 ఏళ్లు నిండేవరకు తీసుకోరాదంటూ 2016 ఫిబ్రవరిలో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీలలో బెంగుళూరు వీధులలోకి వేలాది దుస్తుల కర్మాగార కార్మికులు వచ్చారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఆ ప్రదర్శనలకు గుర్తింపుపొందిన నాయకత్వమంటూ పెద్దగా లేదు. 19వ తేదీననే నాటి కేంద్ర కార్మికశాఖ మంత్రి బండారు దత్తాత్రేయ ఆ నిబంధనను ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించారు. నెలనెలా జీతంలోంచి కోతపడే ఆ కొద్ది మొత్తాన్ని తమ సొంత సొమ్ముగా, ఉద్యోగం పోయిననాడు ఆదుకొనే ఏకైక ఆధారంగా ఆ స్త్రీలు భావించారని అంతకంటె స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

సరిగ్గా రెండు నెలలకు, జూన్‌లో, జౌళి, దుస్తుల రంగానికి 6,000 కోట్ల రూపాయల ప్రత్యేక ప్యాకేజీ ఆమోదం పొందింది. మూడేళ్లలో కోటి ఉద్యోగాలు దాని లక్ష్యం. అందులోని కార్మిక సంబంధమైన అంశాలలో రెండు ఈ చర్చకు ముఖ్యమైనవి. నెలకు 15,000 రూపాయలకంటె తక్కువ సంపాదించేవారికి భవిష్య నిధిని ఐచ్ఛికం చేయడం మొదటిది. పరిశ్రమ ఋతువులనుబట్టి నడిచేది కనుక నిర్ణీతకాల ఉద్యోగాన్ని ప్రవేశపెట్టడం రెండవది. నిధి ఐచ్ఛికమైతే కార్మికుల చేతిలో ఎక్కువ డబ్బు ఉంటుందన్నది దానికి చెప్పిన కారణం. ఏప్రిల్‌లో ఆ స్త్రీలు కోరినది కోత లేకపోవడం కాదు, తమ పేరున జమ అయినది తమకే చెందడం. విధానకర్తలు ఆ డిమాండును వినలేదని అనలేము. దానిని తమకు అనుకూలమైన అర్థంలో విన్నారు.

ఆ అక్టోబరులో స్టాండింగ్ ఆర్డర్ల కేంద్ర నిబంధనలను సవరించి, దుస్తుల తయారీ రంగానికి నిర్ణీతకాల ఉద్యోగ వర్గాన్ని చేర్చారు. 2018 మార్చిలో దానిని అన్ని రంగాలకు విస్తరించారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దానికి శాశ్వతస్థానం కల్పించింది. కుట్టుమిషన్ల ముందు ప్రయోగాత్మకంగా మొదలైన వర్గం ఇప్పుడు దేశంలోని ప్రతి కర్మాగారానికి వర్తిస్తున్నది.

5. ఇచ్చినది, తీసుకొన్నది:
నిర్ణీతకాల ఉద్యోగాన్ని సమర్థించేవారి వాదనను తేలికగా తోసిపుచ్చరాదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కార్మికునితో పోలిస్తే ఈ వర్గంలోనివారి స్థితి మెరుగైనదే. వారిని యజమాని నేరుగా నియమిస్తాడు. అదే పనిచేసే శాశ్వత కార్మికునితో సమానమైన వేతనం, పనిగంటలు, భత్యాలు వర్తిస్తాయి. 1972 చట్టం కింద గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు అవసరం. కొత్త కోడ్‌లో నిర్ణీతకాల ఉద్యోగికి ఒక సంవత్సరం చాలు. ఇది చిన్న విషయం కాదు. ఐదేళ్లు నిండకుండానే ఉద్యోగం మానేసే స్త్రీలు అధికంగా ఉన్న పరిశ్రమలో దీనివల్ల నిజమైన మేలు కలుగుతుంది.

చిక్కు పోలికలోనే ఉన్నది. కాంట్రాక్టు కార్మికునితో పోల్చినప్పుడు ముందడుగుగా కనబడేది, బదిలీతో పోల్చినప్పుడు వెనుకడుగుగా తేలుతుంది. బదిలీకి సదుపాయాలు తక్కువ. కాని రోజులు పోగయ్యేవి. నిర్ణీతకాల కార్మికురాలికి సదుపాయాలు ఎక్కువ. కాని రోజులు ఎన్ని గడిచినా హోదా మారదు. పదకొండు నెలల ఒప్పందాన్ని ఐదుసార్లు పునరుద్ధరించినా ఆమె మొదటిరోజున ఉన్నచోటనే ఉంటుంది. ఒప్పందాన్ని ఎన్నిసార్లు పునరుద్ధరించవచ్చునో, కనీస గడువు ఎంత ఉండాలో కోడ్ చెప్పదు. 2018 నిబంధనలు అప్పటికే ఉన్న శాశ్వత కార్మికుల పోస్టులను నిర్ణీతకాల పోస్టులుగా మార్చరాదన్నాయి. ఆ జాగ్రత్త ఉన్న పోస్టులకే, పుట్టబోయేవాటికి కాదు.

అన్నింటికంటె గమనింపదగినది మరొకటి ఉన్నది. 1984లో అమలులోకి వచ్చిన ‘అన్యాయమైన పద్ధతుల’ పట్టిక కొత్త కోడ్‌లో రెండవ షెడ్యూలుగా కొనసాగింది. బదిలీలను, క్యాజువల్, తాత్కాలిక కార్మికులను ఏళ్లతరబడి అలాగే ఉంచడం ఇప్పటికీ అందులో నేరమే. ఆ వరుసలో నిర్ణీతకాల ఉద్యోగి పేరు లేదు. పనిచేసే మిషను అదే, కుట్టే చొక్కా అదే, పనిచేయించే ఉద్దేశమూ అదే కావచ్చు. హోదాకు పెట్టిన పేరు మారడంతో నేరం నేరం కాకుండాపోయింది. దీనిని చట్టరచనలో జరిగిన ఏమరుపాటుగా భావించడం కష్టం. ఎందుకంటే అదే కోడ్‌లో రిట్రెంచ్‌మెంట్ నిర్వచనం దగ్గర నిర్ణీతకాల ఉద్యోగిని ఎంతో శ్రద్ధగా గుర్తుంచుకొని మినహాయించారు.

ఋతువుల వాదన కూడా పూర్తిగా నిలిచేది కాదు. విదేశీ ఆర్డర్లలో హెచ్చుతగ్గులున్న మాట నిజమే. కాని ఎండాకాలపు ఆర్డరు అయిపోయేసరికి చలికాలపు ఆర్డరు లైను మీదికి వస్తుంది. కాలరు కుట్టే నైపుణ్యం ఋతువుతో పుట్టి ఋతువుతో పోయేది కాదు. పరిశ్రమ ప్రతినిధులు ఒకవైపు నైపుణ్యం గల దర్జీలు నిలవడం లేదని, వలసలు పెరిగాయని విచారం వ్యక్తం చేస్తారు; మరొకవైపు వారు నిలవనవసరం లేని ఉద్యోగాన్ని చట్టం ద్వారా కోరుకొంటారు. నిలకడలేనితనాన్ని ఉద్యోగపు నిర్వచనంలోనే పెట్టి, ఆ తరువాత దానిని కార్మికురాలి స్వభావలోపంగా కొలవడం మానవ వనరుల పరిభాషలో ఎవరికీ వింతగా తోచకపోవడమే వింత.

6. ఫిర్యాదు చేసే ధైర్యం:
హోదా ప్రశ్న మిగిలిన విధానాలనుండి వేరు కాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటె ఎక్కువమంది పనిచేసే ప్రతిచోట లైంగిక వేధింపుల విచారణకు అంతర్గత కమిటీ ఉండాలి. 2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. ఇవన్నీ కార్మికురాలు నోరు తెరిచి అడిగినప్పుడే పనిచేసే హక్కులు. ఫిర్యాదు ఎవరిమీదనో, ఆ సూపర్‌వైజరు అభిప్రాయంమీదనే ఒప్పందపు పునరుద్ధరణ ఆధారపడినప్పుడు, కమిటీ సభ్యుల పేర్లు గోడమీద ఎంత పెద్ద అక్షరాలతో వ్రాసినా ప్రయోజనం స్వల్పం. తొలగించారని నిరూపించడానికి ఆమెను ఎవరూ తొలగించరు. గడువు ముగుస్తుంది, అంతే. ప్రసూతి విషయంలో ఒప్పందం గడువు దాటిన తరువాత కూడా ప్రయోజనం అందాలని 2023లో సుప్రీంకోర్టు ఒక కాంట్రాక్టు వైద్యురాలి కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పు ఎంతో విలువైనది. అయినా ఒక వైద్యురాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి సాధించుకొన్నదానిని, గర్భవతి అని తెలియగానే పునరుద్ధరణ ఆగిపోయిన దర్జీ ఏ న్యాయవాదితో సాధించుకోగలదు?

కాగితం మీది విధానానికి, దానిని అమలుచేయించే బలానికి మధ్య దూరం ఎంతటిదో చెప్పడానికి 2012 సెప్టెంబరు నాటి కరాచీ అగ్నిప్రమాదం ఒక్కటి చాలు. ఆ దుస్తుల కర్మాగారంలో 250 మందికి పైగా మరణించారు. కొద్ది వారాలకు ముందే దానికి అంతర్జాతీయ సామాజిక ప్రమాణాల ధ్రువపత్రం అందింది. తనిఖీకి వచ్చినవారు ఫైళ్లు చూశారు.

దీనికి భిన్నమైన ప్రయత్నం తమిళనాడులోని దిండిగల్‌లో జరిగింది. ఒక యువ దళిత కార్మికురాలి హత్య తరువాత, దళిత స్త్రీలు నాయకత్వం వహించిన కార్మికసంఘం 2022లో ఉత్పత్తి సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. వస్త్రాలు కొనే అంతర్జాతీయ బ్రాండ్లు కూడా దానికి చట్టబద్ధంగా కట్టుబడ్డాయి. పనిచేసేచోట తోటి కార్మికురాళ్లే పరిశీలకులు. ఫిర్యాదు చేసినవారిమీద ప్రతీకారం నిషిద్ధం. ఇక్కడ ముందుగా ఏర్పాటైనది భయంలేని స్థితి. కమిటీ ఆ తరువాతిది. సాధారణ విధానపత్రాలలో ఈ క్రమం సరిగ్గా తిరగబడి ఉంటుంది.

7. పేరు లేనివారు:
ఇంతవరకు చర్చించిన హోదాలన్నింటికీ ఒక గేటు, ఒక మస్టర్ రోల్ ఉన్నాయి. కొత్త కోడ్ ప్రకారం స్టాండింగ్ ఆర్డర్లు 300 మంది కార్మికులున్న సంస్థలకే వర్తిస్తాయి. పాత చట్టంలో ఆ సంఖ్య 100. విద్యుత్తుతో నడిచే యూనిట్ ఫ్యాక్టరీగా గుర్తింపు పొందడానికి పూర్వం పదిమంది చాలు. ఇప్పుడు 20 మంది కావాలి. ఈ సంఖ్యలను సిరిసిల్లలోని ఒక షెడ్డు ముందు నిలబెట్టి చూస్తే అవి ఏ భాషలో వ్రాశారో అర్థం కాదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నూలు యజమానిది, సాంచాలు ఆసామివి, వాటిని నడిపేది కార్మికుడు. ఆసామి తనకున్న కొద్ది సాంచాలమీద యజమాని ఇచ్చిన నూలుతో గుడ్డ నేయించి కూలి తీసుకొంటాడు. చాలాసార్లు తానే షిఫ్టు నడుపుతాడు. కార్మికునికి నేసిన గుడ్డనుబట్టి, పిక్కుల లెక్కన కూలి. వార్పింగ్ చేసేవారు, వైపని వారు, కండెలు చుట్టే స్త్రీలు వేరువేరుచోట్ల, వేరువేరు లెక్కలమీద పనిచేస్తారు. ఇందులో యాజమాన్యం ఎవరు? ఆసామి ఒక కోణంలో యజమాని, మరొక కోణంలో కూలివాడు. 12 గంటల షిఫ్టులో సాంచాల మోతకు చెవి మొద్దుబారినవాడు ఎవరి మానవ వనరు? బదిలీ అనడానికి అతని ముందు శాశ్వతుడు లేడు; నిర్ణీతకాలం అనడానికి ఒప్పందం లేదు. ఆర్డర్లు ఆగిననాడు తన ఉద్యోగం పోయిందని కూడా అతడు చట్టప్రకారం చెప్పలేడు. ఆ ఊరి ఆత్మహత్యల వార్తలను పత్రికలు దశాబ్దాలుగా ‘నేత కార్మికుల సంక్షోభం’ అనే శీర్షిక కిందనే ప్రచురిస్తున్నాయి. ఆ శీర్షికలో ‘కార్మికుడు’ అన్న మాట ఉన్నా, చట్టంలో ఆ మాటకు అక్కడ నెలవు లేదు.

షెడ్డు వంటి చోట్లకు చట్టం చేరలేదన్నది మాత్రం నిజం కాదు. సిరిసిల్ల ఇళ్లలోనే ఎందరో స్త్రీలు బీడీలు చుడతారు. బీడీ కార్మికురాలు ఏ గేటూ దాటదు. ఇంటి అరుగుమీద చాటలో ఆకు పెట్టుకొని పనిచేస్తుంది. అయినా 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారిని ఉద్యోగులుగా గుర్తించింది. భవిష్య నిధి వారికీ వర్తించింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లో కలిసిపోయినా, అది చేసిన పని కళ్లముందు ఉన్నది. ఒకే ఇంట్లో భార్యకు పీఎఫ్ నంబరు ఉండి, సాంచా నడిపే భర్తకు ఏ నంబరూ లేని స్థితి అందువల్లనే సాధ్యమైంది. బీడీ వ్యాపారంలోను మధ్యవర్తి ఉన్నాడు, ముక్కకూలి ఉన్నది, చెల్లాచెదురైన పని ఉన్నది. జౌళిని గుర్తించకపోవడానికి ఈ మూడింటినే కారణాలుగా చూపడం ఆ ఇంటి గడప దగ్గరనే వీగిపోతుంది.

2017నుండి కొన్ని సంవత్సరాలు బతుకమ్మ చీరల ఆర్డర్లతో తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్లకు అతిపెద్ద కొనుగోలుదారుగా ఉన్నది. తరువాత ఆ స్థానంలో మహిళాసంఘాల చీరల ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరు ఉన్నదా లేదా, బకాయిలు చెల్లించారా లేదా అన్నంతవరకే ఈ విషయంలో రాజకీయ చర్చ ఆగిపోతున్నది. దిండిగల్‌లో కొనేవారిని ఒప్పందానికి కట్టుబడేలా చేయడానికి ఒక సంఘం సముద్రాలకు అవతల ఉన్న బ్రాండ్లతో పోరాడవలసివచ్చింది. సిరిసిల్లలో కొనేది ప్రభుత్వమే. మీటరు ధర నిర్ణయించే అదే ఉత్తర్వులో, ఆ మీటరు నేసినవాని పేరు, షిఫ్టు గంటలు, పీఎఫ్ వాటా నమోదు కావాలనే షరతు వ్రాయడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.